నీటి అడుగున దిక్సూచి

తెలుగులో ‘దిక్కు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. తూర్పు, పడమర మొదలైనవి దిక్కులు. ఆపదలో ఆదుకొనేవాడూ దిక్కే. ‘దిక్కు తోచకపోవడం’ అనే పలుకుబడిలో ఈ రెండర్థాలూ కలిసిపోయి కనిపిస్తాయి. నేలమీద నడిచేవారికి ఇది భాషాచమత్కారం మాత్రమే. సముద్రగర్భంలో ఈదే గజఈతగానికి అది ప్రాణసమస్య. వీపున ఉన్న సిలిండరులోని గాలి అయిపోకముందే పడవను చేరుకోవలసిన వానికి దిక్కు తెలియడమే దిక్కు.

నీటిలో ఇంద్రియాలను నమ్ముకోవడం కష్టం. కాంతి వక్రీభవనం వల్ల వస్తువులు ఉన్నదానికంటె సుమారు మూడోవంతు పెద్దవిగానూ, దగ్గరగానూ కనిపిస్తాయి. కొద్ది మీటర్ల లోతులోనే ఎరుపు రంగు వెలిసిపోతుంది. ధ్వని గాలిలోకంటె నాలుగు రెట్లకు పైగా వేగంతో ప్రయాణించి, రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరుతుంది. పడవ ఇంజను చప్పుడు వినిపిస్తుంది గాని, అది ఏ వైపునుంచి వస్తున్నదో తెలియదు. నేలమీద దారి చూపే ఉపగ్రహాల రేడియో తరంగాలు నీటిలోకి చొరబడలేవు. ఏ అడ్డూ లేకుండా అక్కడికి చేరేది భూమి అయస్కాంత క్షేత్రం ఒక్కటే.

అయస్కాంతం మన పూర్వులకు తెలియని వస్తువు కాదు. అయస్కాంతం ఇనుమును లాగినట్లు ఉమాదేవి సౌందర్యంతో శివుని మనస్సును ఆకర్షించండని కుమారసంభవం ద్వితీయ సర్గలో బ్రహ్మ దేవతలకు ఉపాయం చెబుతాడు. ‘సూదంటురాయి’ అనే తెలుగు మాటలోనే సూది వచ్చి అంటుకొనే దృశ్యం ఉంది. అయితే ఆ సూది దిక్కును కూడా చూపుతుందని 1088 ప్రాంతంలో చైనా పండితుడు షెన్ కువో గ్రంథస్థం చేశాడు. భూమియే ఒక పెద్ద అయస్కాంతమని 1600లో విలియం గిల్బర్ట్ ప్రతిపాదించాడు. 1943లో కూస్తో, గన్యాన్ అనే ఫ్రెంచివారు శ్వాసయంత్రాన్ని రూపొందించిన తరువాత, నావికుని దిక్సూచి ఈతగాని మణికట్టుకు చేరింది.

ఇప్పుడు ఆ మణికట్టు మీద రెండు రకాల దిక్సూచులు పోటీ పడుతున్నాయి. మొదటిది సూది లేదా అంకెల చక్రం తిరిగే అనలాగ్ దిక్సూచి. దీని పెట్టెనిండా నూనెవంటి ద్రవం ఉంటుంది. ద్రవం ఒత్తిడికి కుంచించుకుపోదు గనుక లోతున పెట్టె నలిగిపోదు. సూది ఊగిసలాటను కూడా అదే అణచివేస్తుంది. పెట్టెమీద గమనదిశను చూపే గీత, చుట్టూ తిప్పడానికి వీలైన వలయం ఉంటాయి. పోవలసిన వైపు గీతను నిలిపి, వలయం మీది గుర్తును సూదికి సరిపెడితే చాలు. తరువాత ఆ గుర్తులోంచి సూది తప్పిపోకుండా ఈదడమే పని. 60 డిగ్రీల దిశలో వెళ్లినవాడు 180 కలిపి, 240 డిగ్రీల దిశలో తిరిగి రావాలి.

దీనిలోని చిక్కు పరికరంలోకంటె దానిని పట్టుకొనే చేతిలో ఎక్కువ. చేయి ఒరిగితే సూది పెట్టెకు రాసుకొని నిలిచిపోతుంది. నిలిచిపోయిన సూది కూడా ఏదో ఒక దిక్కును చూపుతూనే ఉంటుంది. కొత్తవారు దానినే నమ్మి పోతారు. మరొక సూక్ష్మం కూడా ఉంది. భూమి బలరేఖలు అయస్కాంత భూమధ్యరేఖ వద్ద మాత్రమే నేలకు సమాంతరంగా ఉంటాయి. ఉత్తరానికి పోయేకొద్దీ సూది ఉత్తరపు కొన కిందికి వంగుతుంది. దానిని సరిచేయడానికి తయారీదారులు రెండవ వైపు కొంత బరువు చేరుస్తారు. ఆ రేఖ భారతదేశపు దక్షిణపు కొస మీదుగా పోతుంది. కేరళలోని తుంబాను రాకెట్ల ప్రయోగానికి ఎంచుకొనడానికి కారణం ఇదే. తెలుగు తీరం ఆ రేఖకు అంత దూరం కాదు గనుక ఇక్కడ సూది వంపు స్వల్పం. ఉత్తర ఐరోపా కోసం తూచిన దిక్సూచిని ఇక్కడ వాడితే, ఆ బరువే భారమై సూదిని రెండో వైపుకు ఒరగజేస్తుంది. కొనేవారు ధరకంటె ముందు అడగవలసిన ప్రశ్న అది ఏ మండలానికి తూచినదన్నది.

డిజిటల్ దిక్సూచిలో తిరిగే సూది లేదు. చిన్న సంవేదకాలు అయస్కాంత క్షేత్రాన్ని మూడు దిశలలో కొలుస్తాయి. చేయి ఎంత ఒరిగిందో మరొక సంవేదకం గుర్తిస్తుంది. రెండింటినీ లెక్కకట్టి దిశను అంకెలలో చూపుతుంది. అందువల్ల చేయి కొంత వంగినా పెద్ద ప్రమాదం లేదు. ఎంచుకొన్న దిశను అది జ్ఞాపకం పెట్టుకొని, ఈతగాడు పక్కకు తొలగితే బాణపు గుర్తుతో హెచ్చరిస్తుంది. చీకటిలోనూ దాని తెర వెలుగుతుంది. చలికీ అలసటకూ లోనైన మనస్సు కూడికలు తప్పే చోట ఇవి చిన్న సౌకర్యాలు కావు.

కాని దానికి బ్యాటరీ ప్రాణం. అంతేకాక, అప్పుడప్పుడు దానిని నియమిత రీతిలో తిప్పి సవరించాలి. బ్యాటరీ మార్చిన తరువాత ఈ సవరణ మరీ ముఖ్యం. సవరణ లేని డిజిటల్ దిక్సూచి అంకెలను అదే స్పష్టతతో తప్పుగా చూపుతుంది. చాలా పరికరాలలో ఈ దిక్సూచి లోతునూ కాలాన్నీ లెక్కకట్టే డైవ్ కంప్యూటరులోనే భాగం. తెర ఆరిపోతే దిక్కుతో పాటు ఆ లెక్కలు కూడా పోతాయి.

రెండు రకాలకూ ఉమ్మడి శత్రువు ఇనుము. మునిగిన ఓడల ఉక్కు, సిలిండరు, నీటి అడుగున నడిచే స్కూటరు మోటారు, ఇవన్నీ క్షేత్రాన్ని వంకర చేస్తాయి. శిథిలమైన ఓడ చుట్టూ తిరిగేటప్పుడు దిక్సూచి మాటకంటె ఓడ ఆకారాన్ని గుర్తుంచుకొనడమే మేలు.

కొద్ది డిగ్రీల తేడా ఏమంతదని అనిపించవచ్చు. నూరు మీటర్ల ఈతలో 5 డిగ్రీల పొరపాటు దాదాపు 9 మీటర్లు, 10 డిగ్రీల పొరపాటు 17 మీటర్లు పక్కకు తీసుకుపోతుంది. నీరు కలక బారి, 5 మీటర్ల దూరమే కనిపిస్తున్నప్పుడు పడవ లంగరు తాడు దాటిపోయినా తెలియదు. ఇక 20 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలంకంటె మూడు రెట్లు. ఉపరితలంలో గంటసేపు వచ్చే గాలి అక్కడ ఇరవై నిమిషాలకే సరిపోతుంది. వెతుకులాటలో గడిచే ప్రతి నిమిషానికీ వెల ఉంది.

ఏ దిక్సూచీ చెప్పలేని విషయం ఒకటి మిగిలింది. నిమిషానికి 20 మీటర్ల చొప్పున ఈదేవానికి నూరు మీటర్లకు ఐదు నిమిషాలు పడుతుంది. సెకనుకు పది సెంటీమీటర్ల ప్రవాహం అడ్డంగా ఉంటే, ఆ వ్యవధిలో అతడు 30 మీటర్లు పక్కకు కొట్టుకుపోతాడు. సూది మాత్రం కదలదు, అంకె మారదు. అతని ముఖం సరైన దిక్కుకే ఉంటుంది, శరీరం మరో చోట ఉంటుంది.

కనుక ఎంపిక ఈతగాని దశను బట్టి ఉండాలి. నేర్చుకొనేవారికి అనలాగ్ దిక్సూచి తగినది. చేతిని సమంగా నిలపడం, తిరుగుదారిని మనస్సులో కట్టుకోవడం అది నేర్పినట్లు మరొకటి నేర్పదు. రాత్రివేళ దిగేవారికి, కలకనీటిలో ఎక్కువ దూరం ఈదేవారికి డిజిటల్ పరికరం నిజంగా మేలు చేస్తుంది. అటువంటివారు కూడా బ్యాటరీ అక్కరలేని అనలాగ్ దిక్సూచిని తోడుగా ఉంచుకోవడం మంచిది. అయితే రెండింటినీ ఒకే మణికట్టుకు కట్టకూడదు. అనలాగ్ సూది స్వయంగా అయస్కాంతం గనుక, పక్కనున్న డిజిటల్ సంవేదకాన్ని అది తప్పుదారి పట్టిస్తుంది. నీటిలోకి దిగేముందు ఒడ్డున తెలిసిన దిక్కుకు రెండింటినీ వేరువేరుగా పట్టి సరిచూసుకొని, ఒకటి చేతికి కట్టుకొని, రెండవది అంగీ జేబులో పెట్టుకోవాలి.