కాలనీ పార్కులో, గెడ్డ ఒడ్డున ఇళ్లు కడతామంటే: విశాఖ వాసుల హక్కులు, నిబంధనలు

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను విశాఖలో చెట్లను కూకటివేళ్లతో పెకలించింది. తర్వాత జనం మళ్లీ మొక్కలు నాటుకున్నారు, చాలా చోట్ల నీడ తిరిగి వచ్చింది. పునాదులు తవ్వి సిమెంటు పోసిన నేల మాత్రం అలా తిరిగి రాదు. నగరం పెందుర్తి, ఆనందపురం, భీమిలి, సబ్బవరం వైపు పాకుతున్న కొద్దీ పార్కుకు వదిలిన జాగా, గెడ్డ పోరంబోకు, కొండవాలు తోటలు ఒక్కొక్కటిగా ప్లాట్లవుతాయన్న భయం శివారు కాలనీల్లో వినిపిస్తోంది. ఆ భయంతో జనం అడిగే ప్రశ్నలకు జవాబులివి.

మా లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలం ఎవరిది?

ప్రజలది. రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లతో పాటు ఆ స్థలాన్ని కూడా లేఅవుట్ వేసినవారు రిజిస్టర్డు గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఉచితంగా రాసివ్వాలి. ఆ తర్వాత లేఅవుట్ యజమానికి దాన్ని అమ్మే హక్కు లేదు. ‘అప్పుడు వదిలేశాం, ఇప్పుడు మా వారసుల వాటా’ అనే మాట చెల్లదు.

ప్రభుత్వమో, కార్పొరేషనో ఆ స్థలాన్ని వేరే పనికి ఇచ్చేయవచ్చా?

స్థానిక సంస్థ అలాంటి స్థలానికి ప్రజల తరఫున సంరక్షకురాలు మాత్రమేనని ఢిల్లీ కార్పొరేషన్‌కు సంబంధించిన పండిట్ చేత్ రామ్ వశిష్ఠ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు వచ్చింది. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే ఆ పేట వాసులు కోర్టుకెక్కి గెలిచారు. ‘మీకేం నష్టం, మీరెవరు అడగడానికి’ అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. పక్కన నివసించేవారికి అడిగే హక్కు ఉందని తేల్చింది. ఆసుపత్రి మంచిదే అయినా పార్కు స్థలంలో కుదరదన్నది ఆ తీర్పు సారం.

అది పార్కు స్థలమేనని రుజువు చేయడం ఎలా?

ముందు లేఅవుట్ ఎల్‌పీ నంబరు (ఆమోద సంఖ్య) పట్టుకోండి. సాధారణంగా మీ సేల్ డీడ్‌లోనే అది ఉంటుంది. ఆ నంబరుతో ఆమోదించిన ప్లాను నకలు వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) నుంచి గానీ జీవీఎంసీ (నగర కార్పొరేషన్) పట్టణ ప్రణాళిక విభాగం నుంచి గానీ తీసుకోండి. ఖాళీ స్థలాన్ని ప్లానులో విడిగా గుర్తించి, విస్తీర్ణం రాస్తారు. టేపు పట్టి నేల మీద కొలిచి ఆ అంకెతో సరిచూడండి. ప్లానులో వెయ్యి గజాలుండి నేల మీద ఏడు వందలే తేలితే, మిగతా మూడు వందలు ఏ ప్లాటులో కలిశాయన్నదే మీ ఫిర్యాదు.

లేఅవుట్ కాని భూమి అయితే రెవెన్యూ రికార్డులు చూడాలి: ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల పుస్తకం), అడంగల్, పాత సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింద రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందో లేదో కూడా చూడండి.

కాగితాలు ఇవ్వకుండా తిప్పుతుంటే?

సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

‘ఎందుకు అనుమతిచ్చారు’ అని అడిగితే జవాబు రాదు. కాగితాన్నే అడగాలి. ఇలా రాయవచ్చు: ‘ఫలానా ఎల్‌పీ నంబరు లేఅవుట్‌కు సంబంధించి: 1. ఆమోదిత ప్లాను నకలు. 2. ఖాళీ స్థలం తాలూకు గిఫ్ట్ డీడ్ నకలు. 3. ఆ స్థలంలో నిర్మాణానికి ఏదైనా అనుమతి ఇచ్చి ఉంటే ఉత్తర్వు, ఫైలు నోట్‌షీట్ నకళ్లు ఇప్పించగలరు.’ ఈ మూడు వాక్యాలు చాలు.

గెడ్డ, చెరువు పక్కన ఎంత దూరం వదలాలి?

10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. 10 మీటర్లు దాటిన వెడల్పున్న గెడ్డ, వాగులకూ 9 మీటర్లే. గెడ్డ ఎండిపోయినంత మాత్రాన పోరంబోకు పట్టా భూమి కాదు. కొండల మీద నుంచి సముద్రానికి నీళ్లు దిగే దారులు మన గెడ్డలే. వాటిని మూస్తే వాన నీరు పల్లపు కాలనీల ఇళ్లలోకి వస్తుంది.

ఈ విషయంలో తిరుపతి కేసు గుర్తుంచుకోండి. అవిలాల, పేరూరు చెరువుల భూములను ప్రభుత్వం ఇళ్ల నిర్మాణానికి ఇచ్చింది. ఇంటలెక్చువల్స్ ఫోరం అనే స్థానిక సంఘం హైకోర్టులో ఓడినా వదలక సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇక మీదట అక్కడ కొత్త కట్టడాలు వద్దని 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. అప్పటికే లేచిన ఇళ్లు మాత్రం ఉండిపోయాయి. ఆలస్యమైతే గెలిచినా మిగిలేది సగమే.

మాస్టర్ ప్లానులో ‘పచ్చదనం’ అని ఉన్నదాన్ని ‘నివాసం’గా మారుస్తారా?

మార్చే అవకాశం చట్టంలో ఉంది. అయితే ముందు ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. సర్వే నంబరు వారీగా జరిగే భూవినియోగ మార్పులకు సాధారణంగా 15 రోజుల గడువే ఇస్తారు. ప్రకటన పేపర్లో ఓ మూలన చిన్న అక్షరాల్లో వస్తుంది. 2041 మాస్టర్ ప్లాను ముసాయిదాపై వీఎంఆర్‌డీఏ 2021లో ఇలాగే అభ్యంతరాలు స్వీకరించింది. మీ సంఘంలో ఒకరికి రోజూ ఈ ప్రకటనలు చూసే పని అప్పగించండి. అభ్యంతరం ఇచ్చేటప్పుడు సర్వే నంబరు, ఫొటో, తేదీ ఉండాలి, అందినట్టు రసీదు తీసుకోవాలి.

పెద్ద టౌన్‌షిప్ వస్తోంది. ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి కదా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. పర్యావరణ ప్రభావ అంచనాపై 2006 నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపై నిర్మాణానికి పర్యావరణ అనుమతి తప్పనిసరి. కానీ భవన నిర్మాణ, టౌన్‌షిప్ ప్రాజెక్టులకు బహిరంగ విచారణ నుంచి మినహాయింపు ఉంది. సభ పెడతారని ఎదురుచూస్తే అవకాశం జారిపోతుంది. అనుమతి వచ్చాక దాన్ని చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో 30 రోజుల్లోపు సవాలు చేయవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు.

చెట్లు నరుకుతుంటే?

2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అధీకృత అధికారి ముందస్తు అనుమతి లేకుండా చెట్లు నరకకూడదు. అనుమతి పత్రం చూపమని అడగండి. చూపకపోతే అప్పటికప్పుడు వీడియో తీసి అటవీ, రెవెన్యూ అధికారులకు రాతపూర్వకంగా ఇవ్వండి. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల వివాదంలో 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కలగజేసుకుని నరికివేతను ఆపించింది. విద్యార్థుల నిరసన, దేశమంతా చూసిన దృశ్యాలు ఆ వివాదాన్ని నలుగురి దృష్టికీ తెచ్చాయి.

సముద్రతీరం, ఎర్రమట్టి దిబ్బల దగ్గర?

తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల్లో ఇసుక దిబ్బలకు అత్యున్నత రక్షణ ఉంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం.  అయినా 2024 జూలైలో దిబ్బలను ఆనుకుని ఇళ్ల లేఅవుట్ కోసం యంత్రాలతో చదును చేయడం మొదలుపెట్టారు. పర్యావరణవేత్తలు, స్థానికులు గొంతెత్తాక అధికారులు పనులు ఆపించారు. 2025లో దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. రక్షణ కాగితం మీద ఉన్నా, కాపలా ఉండాల్సింది మనమే.

ఇవన్నీ పేదల ఇళ్లకు అడ్డుపడటం కాదా?

కాదు, కాకూడదు కూడా. 2020 జనవరిలో విశాఖ చుట్టూ 10 మండలాల్లో సుమారు 6,116 ఎకరాలను ఇళ్ల స్థలాలకు సమీకరించాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు అదే నేలలో జీడి, మామిడి తోటలు వేసుకున్న చిన్న రైతులు ఆందోళన చెందారు. అటూ పేదలే, ఇటూ పేదలే. ఇల్లు అవసరం, ఇంటి దగ్గర పిల్లలు ఆడుకునే జాగా కూడా అవసరం. గెడ్డలో ఇచ్చిన పట్టా పేదవాడికి మేలు చేయదు, మొదటి పెద్ద వానకే అతని ఇల్లు మునుగుతుంది. ‘ఇళ్లు వద్దు’ అనకండి. ‘గెడ్డలో వద్దు, ఫలానా చోట కట్టండి’ అని ప్రత్యామ్నాయ సర్వే నంబరుతో సహా రాయండి.

అపార్టుమెంటు ప్లానులో చూపిన తోటలో బిల్డరు మరో బ్లాకు కడుతున్నాడు?

రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షను ప్రకారం, కొన్నవారిలో కనీసం మూడింట రెండొంతుల మంది రాతపూర్వక సమ్మతి లేకుండా ఆమోదిత ప్లాను, ఉమ్మడి స్థలాలు మార్చకూడదు. ఏపీ రెరాకు ఫిర్యాదు చేయండి. మీటింగ్ హాజరు రిజిస్టర్లో చేసిన సంతకాలను సమ్మతిగా చూపే ప్రమాదం ఉంది, కాబట్టి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.

రేపు పొద్దున్నే జేసీబీ వస్తే?

గొడవకు దిగకండి. ఫొటోలు, వీడియోలు తేదీ, సమయంతో తీయండి. వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శికి, జీవీఎంసీ కమిషనర్‌కు, తహసీల్దారుకు ఒకే ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించి నంబరు దాచుకోండి. అయినా ఆగకపోతే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఫిర్యాదు రసీదులు లేకుండా కోర్టుకు వెళితే కేసు బలహీనపడుతుంది. డబ్బు లేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

ఈ ఆదివారమే మీ కాలనీ సంఘం కూర్చుని లేఅవుట్ ప్లాను నకలు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే సోమవారం దరఖాస్తు పెట్టండి. కంచె వేయించి, ‘ఇది ప్రజల స్థలం’ అని బోర్డు పెట్టించి, మొక్కలు నాటి, పిల్లలను అక్కడ ఆడనివ్వండి. జనం రోజూ వాడుకునే స్థలాన్ని కబ్జా చేయడం కష్టం.