స్టూడియోలో చేరు, పాఠాలూ చెప్పు, బటర్‌ఫ్లై మాత్రం వద్దు

చిట్టీ,

నీ మెయిల్ అందింది. రెండేళ్ల ఒపెరా స్టూడియో కాంట్రాక్టు వచ్చింది, అదే ఊళ్లో మ్యూజిక్ స్కూలు వాళ్లు వారానికి ఒకటిన్నర రోజు పాఠాలు చెప్పమంటున్నారు, పైగా వచ్చే వేసవికి ఓ చిన్న ఫెస్టివల్‌ వాళ్లు ‘మదామ్ బటర్‌ఫ్లై’లో నాయిక పాత్రే ఇస్తామంటున్నారు. ఏం చెయ్యమంటావని అడిగావు. మొదటి రెండూ ఒప్పుకో. మూడోదానికి మర్యాదగా వద్దని రాసెయ్. మీ అమ్మ నిన్న ఫోన్లో, “పెద్ద పాత్ర వదిలేసి పిల్లలకి సరిగమలు చెప్పుకోమంటావా అక్కా?” అని కస్సుమంది. దానికి చెప్పిన జవాబే నీకూ రాస్తున్నాను, కాస్త వివరంగా.

ముందు బటర్‌ఫ్లై సంగతి. కథలో ఆ పిల్లకి పదిహేనేళ్లు. ఆ పాట పాడాల్సిన గొంతుకి మాత్రం పదిహేనేళ్లు చాలవు, నీ ఇరవయ్యారూ చాలవు. మొదటి అంకంలో వచ్చిందంటే చివరిదాకా దాదాపు స్టేజి వదలదు. పుచ్చీని ఆర్కెస్ట్రా సరిగ్గా నీ గొంతు ఇంకా నిండని మధ్యస్థాయిలోనే చిక్కగా ఉంటుంది. అక్కడ వినిపించాలని తొయ్యడం మొదలుపెడితే ఆ అలవాటు సుజానా, పమీనా పాత్రల్లోకి కూడా పాకుతుంది. ఇప్పుడు నీకు అన్నం పెట్టేవి ఆ పాత్రలే.

హైదరాబాదులో నువ్వు కర్ణాటక సంగీతం నేర్చుకున్నప్పుడు శ్రుతి నీది. అయిదు కట్టెలో, అయిదున్నరో, గొంతుకి ఏది హాయిగా ఉంటే దానికే తంబురా. తారస్థాయి అందకపోతే శ్రుతి కొంచెం దించుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఇక్కడ ఒపెరాలో శ్రుతి కంపోజరుది. పాత్రే నీ గొంతుకి తగినది కావాలి తప్ప గొంతును బట్టి పాత్ర దిగిరాదు. జర్మనీ థియేటర్లు గొంతులను లిరిక్ అనీ డ్రమాటిక్ అనీ గళ్లు గీసి విడదీస్తాయంటే నీకు చిరాకని తెలుసు. ఆ పట్టింపులో సగం ఆఫీసు సౌకర్యమే, నేనూ ఒప్పుకుంటాను. మిగతా సగం నీకు రక్షణ. నీ గొంతు ఏ గడిలో ఉందో చూపించి వద్దనవచ్చు.

ఏజెంట్లు నీకు సొప్రానో మరియా కాలస్ కథ చెబుతారు, రాసుకో. 1949 జనవరిలో వెనిస్‌లో వాగ్నర్ బ్రున్‌హిల్డ పాడుతున్న రోజుల్లోనే, ఎవరికో ఒంట్లో బాగోలేదని, బెల్లీని ‘ఇ పురితాని’లో ఎల్వీరా కూడా పాడి లోకాన్ని నివ్వెరపరిచింది. నిజమే. 1965లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ‘తోస్కా’తో ఆమె ఒపెరా స్టేజి జీవితం ముగిసిందని, అప్పటికి నలభై ఒక్కేళ్లేనని మాత్రం వాళ్లు చెప్పరు. కారణాల మీద ఇప్పటికీ వాదనలే, నేను తీర్పు చెప్పను. కానీ నాకు ఇష్టమైన ఉదాహరణ స్పెయిన్ టెనర్ ఆల్ఫ్రెడో క్రౌస్. బరువైన పాత్రలు ఎన్ని వచ్చినా తనకి సరిపడే కొద్ది పాత్రలనే పట్టుకున్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డాక కూడా వెర్తెర్‌ పాడుతూనే ఉన్నాడు. ఆయన్ని పిసినారి అన్నవాళ్లూ ఉన్నారు. అననీ.

మైకు లేకుండా అరవై డెబ్బైమంది వాద్యగాళ్లను దాటి గొంతు ఎలా వినబడుతుందని మీ నాన్న ఎప్పుడూ అడుగుతాడు కదా, ఈసారి ఇది చెప్పు. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బర్గ్ 1970లలో కొలిచి చూపించాడు. ఆర్కెస్ట్రా బలమంతా సుమారు 500 హెర్ట్జ్ దగ్గర పోగవుతుంది, పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. తర్ఫీదున్న గొంతు, ముఖ్యంగా మగవాళ్లది, 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల అదనంగా ఒక మెరుపు తెచ్చుకుంటుంది. అక్కడ వాద్యాల పోటీ తక్కువ. అంటే వినబడటం బలంతో కాదు, సందు చూసి దూరడంతో. మన సొప్రానోలకి పై స్వరాల్లో లెక్క కొంచెం వేరు, అక్కడ నోరు ఎంత తెరుస్తామన్నదే ఎక్కువ పని చేస్తుంది. తోసినవాడు ఓడిపోతాడన్నది మాత్రం అందరికీ ఒకటే.

ఇప్పుడు అసలు విషయం, పాఠాలు. పాడలేనివాళ్లు చెప్పుకునేవి పాఠాలని మీ అమ్మ అభిప్రాయం. మన వైపు ఆ మాట పాతదే. దానికి నా జవాబు గాయకుడు మాన్యుయెల్ గార్సియా. 1825లో తండ్రి కంపెనీతో న్యూయార్క్‌ వెళ్లి, ఆ ఊరు మొదటిసారి విన్న ఇటాలియన్ ఒపెరాలో ఫిగరో పాడాడు. చెల్లెలు మాలిబ్రాన్‌కి లోకమంతా దాసోహమైంది కానీ ఆయన స్టేజి మీద ఎక్కువకాలం నిలవలేదు. టీచరయ్యాడు. 1841లో స్వీడన్ సొప్రానో యెన్నీ లిండ్ దెబ్బతిన్న గొంతుతో పారిస్ వచ్చి ఆయన ముందు నిలబడితే, పాఠం చెప్పలేదు. ఆరువారాలు పాట మానేసి, మాట కూడా తగ్గించి, అప్పుడు రమ్మన్నాడు. ఇరవయ్యేళ్ల పిల్లతో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో పాఠాలు చెప్పేవాళ్లకే తెలుస్తుంది. ఆమె ఎంత పేరు తెచ్చుకుందో నీకు చెప్పక్కర్లేదు. 1854లో పళ్లడాక్టర్ల చిన్న అద్దం గొంతులోకి పెట్టి, చేతిలో ఇంకో అద్దం పట్టుకుని, ఎండ పడేలా తిప్పి, తన స్వరపేటిక పాడుతుంటే తానే చూశాడు. ఇవాళ నీ గొంతు డాక్టరు చేసే పరీక్షకి ఆరంభం అక్కడే. నూటొక్కేళ్లు బతికాడాయన.

ఆ అద్దం అవసరం ఎందుకొచ్చిందో ఆలోచించు. పాడుతున్నప్పుడు నీ గొంతు నీకు ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, హాల్లో వాళ్లకి గాలి గుండా మాత్రమే. నీకు లోపల గంభీరంగా మోగిందంటే చివరి వరుసలో మొద్దుగా ఉండొచ్చు. అందుకే మన వృత్తిలో అరవై ఏళ్లొచ్చినా టీచరు దగ్గరికి వెళ్తారు. ఎదుటివాడి గొంతులో బిగువు ఎక్కడుందో పట్టుకోవడం అలవాటైతే, రికార్డింగులో నీది కూడా పట్టుకోగలవు. స్టేజి దిగాక నేర్పడం మొదలుపెట్టేవాళ్లకి ఈ లాభం దక్కదు. నిన్ను ఇప్పుడే మొదలుపెట్టమంటున్నది అందుకే.

నా దగ్గరికి యాభై దాటిన ఒక బ్యాంకు ఉద్యోగి వస్తాడు, ఊరి కోరస్‌లో టెనర్. పై స్వరం వచ్చేసరికి గడ్డం ముందుకొస్తుంది, మెడ నరాలు తేలతాయి. “మెడ వదులుగా పెట్టండి” అంటే ఇంకా బిగిస్తాడు పాపం. ఒకరోజు గ్లాసులో రెండువేళ్ల ఎత్తు నీళ్లు పోసి, స్ట్రా ముంచి, మాటలు వదిలేసి అందులోకే రాగం పాడమన్నాను. బుడగలు ఒకే తీరుగా రావాలి. కింద స్వరాల్లో గలగలా వచ్చాయి. పైకి వెళ్లబోతూండగా, ఇంకా స్వరం అందుకోకముందే, బుడగలు ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టాడన్నమాట. నేను నోరు విప్పలేదు. ఆయనే గ్లాసు చూసి నవ్వి మళ్లీ మొదలుపెట్టాడు. స్ట్రా వల్ల గొంతు పైన గాలి ఒత్తిడి పెరిగి తంత్రులు తక్కువ రాపిడితో కంపిస్తాయని ఇంగో టిట్జె లాంటి శాస్త్రవేత్తలు వివరించారు, చదువు. ఆ సాయంత్రం రిహార్సల్‌కి ముందు నేనూ గ్లాసు పెట్టుకుని కూచున్నాను, నా బుడగలు ఎక్కడ ఆగుతాయోనని.

ఒక హెచ్చరిక. “నాకు ఇక్కడ, ముక్కు దూలం వెనక మోగుతుంది, నువ్వూ అక్కడ మోగించు” అని ఎవరికీ చెప్పకు. అది నీ ఒంట్లో నీకు తెలిసేది, అవతలివాడికి ఇంకోచోట తెలుస్తుంది. పేరుమోసిన గాయకులు చాలామంది నేర్పడంలో తడబడేది ఇక్కడే. సొప్రానో లోటే లేమన్ అలా చెయ్యలేదంటారు. 1951లో కచేరీలు మానేసి కాలిఫోర్నియాలో శాంటా బార్బరాలో నేర్పుతూ, మాట అర్థాన్నీ ముఖంలోని భావాన్నీ పట్టుకుని లాగేదట. ఆమె శిష్యురాలు గ్రేస్ బంబ్రీ 1961లో వాగ్నర్ ఒపెరాలు ఆడే బైరాయిట్‌లో వీనస్‌గా వచ్చింది. నల్లజాతి అమ్మాయి ఆ పాత్రా అని ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. మొదటిరోజు తెర పడ్డాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు. నిన్ను చూసి ఎవరైనా కనుబొమ్మలు ఎగరేసినప్పుడు ఆవిడ రికార్డింగు ఒకటి పెట్టుకో.

ఇటాలియన్ ఉచ్చారణ గురించి బెంగ పెట్టుకోకు. మన అక్క, అత్త, అన్న పలికినట్టే వాళ్ల జంట హల్లులూ పలకాలి, వాటితో ఇంగ్లీషువాళ్లు నానా తంటాలు పడతారు. కానీ మనం ఇంగ్లీషు బళ్లో చదివి ‘ట’ అలవాటు చేసుకుంటాం. ఇటాలియన్ మాట ‘తుత్తొ’, నువ్వు మొన్న పంపిన రికార్డింగులో ‘టుట్టొ’ అన్నావు. గుంటూరు లూథరన్ చర్చి క్వయర్‌లోంచి వచ్చిన నాకూ మొదట్లో ఇదే చెప్పేవారు.

ఇక చిల్లర సంగతులు. షో ఉన్నరోజు పాఠాలు పెట్టుకోకు. ప్రతి వరసా నువ్వే పాడి చూపించకు, గొంతు అలిసేది పాటకన్నా రోజంతా మాట్లాడటంతోనే. రాత్రి పదకొండింటికి షో అయ్యాక ఆవకాయ అన్నం తిని పడుకుంటే పులుపు గొంతులోకి ఎగదన్నుతుంది, నాకు తెలుసు నీ సంగతి. స్టూడియో అయ్యాక ఏదైనా జర్మనీ థియేటర్లో పర్మనెంటు బృందంలో చేరితే, వచ్చే సీజను నిన్ను ఉంచుకోబోమంటే సాధారణంగా అక్టోబరు 31 లోపు చెప్పాలి. ఆ నెలంతా క్యాంటీన్లో ఎవరి ముఖం చూసినా కళ తప్పి ఉంటుంది. చేతిలో నలుగురు విద్యార్థులున్నవాళ్లు కాస్త నిబ్బరంగా కాఫీ తాగుతారు.

ఫెస్టివల్‌ వాళ్లకి ఈ వారంలోనే జవాబు రాయి, ఇంకో సొప్రానోని చూసుకోవడానికి వాళ్లకీ వ్యవధి ఉండాలి కదా. వద్దని ఊరుకోక, ‘కార్మెన్’ వేసే ఏడాది మికాయెలా పాత్రకి పిలవమని అడుగు. మ్యూజిక్ స్కూలు కాంట్రాక్టులో షోల కోసం పాఠాలు వేరే రోజుకి మార్చుకునే వెసులుబాటు ఉందో లేదో చూసి సంతకం పెట్టు. లేకపోతే రాయించుకో.

మీ పెద్దమ్మ