కడుపులో పుట్టే వాయువు యాసిడ్‌ను తగ్గిస్తుందా?

ప్రశ్న: నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు కడుపులో యాసిడ్‌ను తగ్గిస్తుందని చదివాను. నిజమేనా? నాకు తరచూ ఛాతీలో మంట వస్తుంది.

జవాబు: నిజమే. అయితే ఇది త్రేన్పుల్లో వచ్చే గ్యాస్ కాదండీ. కణాలు అతి కొద్దిగా తయారుచేసి పక్క కణాలకు పంపే సంకేతం. హిస్టమిన్ అనే రసాయనం ప్రేరేపించినప్పుడు యాసిడ్ స్రవించే పెరైటల్ కణాల జోరును ఇది తగ్గిస్తుందని మానవ కణాలపై ప్రయోగాల్లో తేలింది. జీర్ణాశయపు గోడకు రక్తప్రసరణనూ, జిగురుపొరనూ పెంచుతుంది.

నన్ను ఎప్పుడూ అబ్బురపరిచేది మరొకటి. పాలకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్‌ను నోటిలోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి. అది లాలాజలంతో కడుపులోకి దిగి, అక్కడి యాసిడ్ వల్లే నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే మరో వాయువుకూ కడుపు గోడను ఇలా కాపాడే గుణం ఉన్నట్టు జంతువుల్లో కనిపించింది.

అలాగని ఆకుకూరలు మీ మంటకు మందు కావు. మంట వారాల తరబడి వదలకపోయినా, మలం నల్లగా వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించుకోండి.