వేళ్లు వెచ్చగా ఉండాలంటే: మంచులో తోలు గ్లవ్స్

ఎల్‌ఎఫ్‌సి మీద గుల్మార్గ్‌కో, ఔలీకో బయలుదేరే సహోద్యోగులు నన్ను తరచూ సలహా అడుగుతుంటారు. బదిలీ మీద మూడేళ్లు కాశ్మీర్‌లో పనిచేశాను కదా! అందరూ స్వెట్టర్ల గురించి, బూట్ల గురించి అడుగుతారు. గ్లవ్స్ గురించి అడిగేవారు తక్కువ. నిజానికి మంచులో ముందు దెబ్బ తినేది వేళ్లే. చలి ఎక్కువైతే గుండె, మెదడు, ఊపిరితిత్తులను కాపాడుకోవడానికి శరీరం చేతులకు, కాళ్లకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది.

గ్లవ్స్ వేడిని పుట్టించవు. లోపలి దూది లాంటి పొరలో చిక్కుకున్న గాలి మన చేతి వేడిని బయటకు పోనివ్వదు. అంతే! అది తడిస్తే గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. అందుకే కొనేటప్పుడైనా, వాడేటప్పుడైనా, దాచేటప్పుడైనా గుర్తుంచుకోవలసింది ఒక్కటే: గ్లవ్స్ లోపల పొడిగా ఉండాలి.

ఎంచుకోవడం ఎలా?

స్కీయింగ్‌కు మేక తోలు గ్లవ్స్ బాగుంటాయి. పలచగా, మెత్తగా ఉన్నా గట్టివి. స్కీ కర్రలపై పట్టు జారదు. ఆవు తోలు ఇంకా మందంగా ఉండి ఎక్కువకాలం మన్నుతుంది గానీ, చేతికి అలవాటు పడటానికి సమయం పడుతుంది. తోలుకు, అస్తరుకు మధ్య నీరు చొరని పొర ఉందో లేదో అడగండి.

తొడుక్కున్నాక వేలి కొసల దగ్గర అర సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పిడికిలి బిగిస్తే ఎక్కడా పట్టేయకూడదు. బిగుతుగా ఉంటే లోపలి పొర నలిగి గాలి పోతుంది, రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. మణికట్టు దగ్గర బిగించుకునే పట్టీ ఉంటే మంచు లోపలికి రాదు. పిల్లలకు నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే మిటెన్స్ మేలు. వేళ్లు ఒకదానికొకటి వెచ్చదనం ఇచ్చుకుంటాయి.

అద్దెకు తీసుకుంటే ముందు లోపల వేలు పెట్టి చూడండి. చెమ్మ తగిలితే వేరే జత అడగండి.

వేళ్లు మొద్దుబారితే

గుల్మార్గే సుమారు 2,650 మీటర్ల ఎత్తు. గొండోలా రెండో దశ 3,900 మీటర్లు దాటిస్తుంది. అక్కడ ఫోటోల కోసం గ్లవ్స్ తీసి మంచుమీద పెట్టకండి. వేళ్లు మొద్దుబారి, తెల్లగా పాలిపోతే వెంటనే లోపలికి వెళ్లండి. రుద్దకూడదు. కాంగ్రీ దగ్గరో, బుఖారీ దగ్గరో కాచకూడదు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. చేతులను చంకల్లో పెట్టుకోండి. స్పర్శ తిరిగి రాకపోయినా, పొక్కులు లేచినా డాక్టరుకు చూపించాల్సిందే.

ఆరబెట్టడం, దాచడం

రాత్రి గదికి రాగానే గ్లవ్స్ మీది మంచు దులిపి, పొడిగుడ్డతో అద్దండి. అస్తరు విడిగా వచ్చేదైతే బయటకు తీయండి. గాలి తగిలేచోట, వేళ్లు పైకి ఉండేలా నిలబెట్టండి. హీటర్ మీద, హెయిర్ డ్రయర్‌తో ఆరబెడితే తడి తోలు ముడుచుకుపోయి బిరుసెక్కి పగులుతుంది. వాషింగ్ మెషిన్ జోలికి పోవద్దు.

బాగా ఆరాక తేనెమైనంతో చేసిన తోలు వ్యాక్స్‌ను పలుచగా రాయండి. కుట్ల దగ్గర మరికాస్త శ్రద్ధగా రాయాలి, నీరు ముందు దూరేది అక్కడే. సీజన్‌కు ఒకటి రెండుసార్లు చాలు.

ఇంటికి వచ్చాక వాటికి అసలు శత్రువు మన వానాకాలం. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పెడితే తోలుకు బూజు పడుతుంది. నూలు సంచిలో వేసి, గాలి ఆడే అరలో పెట్టండి. నెలకోసారి తీసి నీడలో కాసేపు ఉంచండి. ఇలా చూసుకుంటే ఈసారి మీరు కొన్న జత, తరువాతి ఎల్‌ఎఫ్‌సికి మీ అబ్బాయికో అమ్మాయికో పనికొస్తుంది.