కన్నవారిపై నింద మోపవద్దు

చదువవలసిన భాగము: యోహాను 9:1–3



స్కిజోఫ్రీనియా అను మానసిక వ్యాధి ఎక్కువగా కాలేజీ చదువు, ఉద్యోగము, పెండ్లి తలపెట్టు వయస్సులో బయటపడును. లేని మాటలు చెవిని పడుట, అందరు తనకు కీడు చేయుచున్నారని నమ్ముట, స్నానము, తిండి మాని మూల కూర్చుండుట దీని గురుతులలో కొన్ని. బిడ్డ కన్నుల ముందే ఉండును; గాని తాము పెంచిన బిడ్డ ఏడీ అని కన్నవారు వెదకుకొందురు. చావు జరిగిన ఇంటికి పదిమంది పోయి ఓదార్చుదుము. ఈ ఇంటికి ఎవరము పోవుచున్నాము?

దుఃఖము చాలదన్నట్లు నింద వచ్చి చేరును. పెంపకము చెడ్డదని కొందరు, దాచిన పాపమేదో ఉన్నదని కొందరు అందురు. చదువుకొన్నవారును ఇట్లే పొరబడిరి. 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అను వైద్యురాలు, తల్లి నడవడియే ఈ వ్యాధికి మూలమను అర్థమిచ్చు పేరొకటి వ్రాసెను. ఎందరో తల్లులు ఆ మాటను మోసిరి. తరువాతి పరిశోధనల యెదుట అది నిలువలేదు. వంశములో వచ్చు గుణము, మెదడు ఎదుగుదల, మరికొన్ని పరిస్థితులు కలిసి ఈ వ్యాధికి దారితీయునని నేడు వైద్యులు చెప్పుచున్నారు. పుట్టు గ్రుడ్డివాని విషయములో ప్రభువు వానినిగాని కన్నవారినిగాని తప్పు పట్టలేదు. మనమెట్లు పట్టుదుము?

మన దేశములో 1950ల దశకములో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టరు విద్యాసాగర్ రోగుల కుటుంబీకులను ఆవరణలోనే గుడారములలో ఉండనిచ్చెను. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ మానసిక వైద్య కేంద్రములోను ఇంటివారు రోగితో ఉండు పద్ధతి చాలాకాలముగా ఉన్నది. అక్కడ కన్నవారు నేరస్థులు కారు, వైద్యములో పాలివారు.

అయితే పాలివారును అలసిపోవుదురు. రాత్రులు నిద్ర ఉండదు. మాత్ర మ్రింగుమని దినదినము బ్రతిమాలవలెను. ఒకనాడు కసరుకొని, ఆ రాత్రే ఏడ్చుదురు. ప్రేమ తరిగి కాదు, బలము తరిగి. "మా తరువాత వీనిని ఎవరు చూతురు?" అను ప్రశ్న వారిని విడువదు.

కాబట్టి మనము చేయదగినవి:

1. ప్రార్థింతము, గాని మందులు మానుమని ఎన్నడు చెప్పవద్దు. మానినయెడల జబ్బు తిరుగబెట్టు ప్రమాదము ఎక్కువ.

2. వారమునకు ఒక పూట, బిడ్డకు అలవాటైన ఒకరు తోడుండి కన్నవారికి విశ్రాంతి నిత్తము.

3. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మానసిక వ్యాధిని కూడ వైకల్యముగా గుర్తించినది. సర్టిఫికెటు కొరకు వారితో ఆఫీసుకు నడుతము. 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416 ఉచితము, తెలుగులోను మాటలాడవచ్చును.

4. కన్నవారు ఉండగానే అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను కూర్చుండబెట్టి ముందు సంగతి మాటలాడింతము.

ఆలోచించుడి: మన సంఘములో ఆరాధనకు రావడము మానిన తల్లిగాని తండ్రిగాని ఉన్నారా? ఎందుకు మానిరో ఎవరైనను వెళ్లి అడిగితిమా?