ఆఫ్టర్ స్కూల్‌లో హోంవర్కు: వాళ్ల పని ఎంత, మీ పని ఎంత

అమెరికాలో ప్రాథమిక పాఠశాలలను చాలాచోట్ల మధ్యాహ్నం రెండున్నర, మూడున్నర మధ్య వదిలేస్తారు. ఆఫీసు ఐదు దాటితే గాని వదలదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే ఆ మధ్య వేళ అమ్మమ్మ ఉండేది, పక్కింటి అత్తయ్య ఉండేది, కాకపోతే వీధి చివర ట్యూషన్ మాస్టారు ఉండేవారు. ఇక్కడ ఆ వేళను చూసుకునేవి ఆఫ్టర్ స్కూల్ ప్రోగ్రాములు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో దిగినా, న్యూజెర్సీ ఎడిసన్‌లో దిగినా, ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో మొదటి నెలలోనే ఈ వెతుకులాట మొదలవుతుంది.

ఒక సంగతి ముందే తెలుసుకుంటే తర్వాత నిష్ఠూరాలు ఉండవు. హోంవర్కు చేయిస్తామని చెప్పిన ప్రతి చోటూ ట్యూషన్ కాదు. పిల్లలు రాగానే ఏదైనా తినడానికి పెడతారు, అరగంటో ముప్పావుగంటో హోంవర్కుకు కూర్చోబెడతారు, తర్వాత ఆటలకు వదులుతారు. ఒకే గదిలో రెండు మూడు గ్రేడ్ల పిల్లలు ఉంటారు. చూసుకునేవాళ్లు చాలాచోట్ల కాలేజీ విద్యార్థులు. హోంవర్కు అయిందా లేదా అన్నది వాళ్లు చూస్తారు. పిల్లకు పాఠం వచ్చిందా లేదా అన్నది చూసుకోవలసింది మీరూ, క్లాసు టీచరూ.

ఎక్కడ వెతకాలి

మొదట పిల్ల చదివే బడి ఆఫీసులోనే అడగండి. చాలా బడుల్లో స్కూల్ డిస్ట్రిక్టో, వైఎంసీఏ లాంటి సంస్థో అదే ఆవరణలో ప్రోగ్రాం నడుపుతుంది. కొన్ని ఊళ్లలో బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్బులు ఉంటాయి. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో కేంద్ర ప్రభుత్వ నిధులతో ట్వంటీ ఫస్ట్ సెంచరీ కమ్యూనిటీ లెర్నింగ్ సెంటర్లు నడుస్తాయి. అక్కడ చదువు సాయం పెద్ద భాగం, ఫీజు ఉండదు లేదా తక్కువ. వ్యాన్ పంపి బడి నుంచి తీసుకెళ్లే ప్రైవేటు సెంటర్లు, కరాటే స్కూళ్లు మరో దారి. వీటికి రాష్ట్ర లైసెన్సు ఉందో లేదో చూడండి. లైసెన్సున్న వాటి తనిఖీ నివేదికలను రాష్ట్రాలు ఆన్‌లైన్‌లో పెట్టాలన్నది కేంద్ర చట్టం, చదువుకోవచ్చు.

వచ్చే ఏడాది సీట్లకు చాలాచోట్ల వసంతంలోనే నమోదు మొదలవుతుంది. ఆగస్టులో దిగినవాళ్లకు సీటు లేదన్న జవాబు రావడం మామూలే. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, నెలకోసారి గుర్తుచేయండి. బడి మొదలయ్యాక కొందరు మానేస్తారు, సీట్లు ఖాళీ అవుతాయి.

చేర్చే ముందు అడగవలసినవి:

- హోంవర్కుకు రోజూ ఎంతసేపు, చూసుకునేవాళ్లు ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు?
- తప్పులు దిద్దుతారా, చేశారా లేదా అని మాత్రమే చూస్తారా?
- బడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌కు వైఫై ఉందా?
- సగం పూట బడి ఉన్న రోజుల్లో, మంచు పడి సెలవిచ్చిన రోజుల్లో ఏం చేస్తారు?
- ఆలస్యంగా వస్తే జరిమానా ఎంత? కొన్నిచోట్ల నిమిషం లెక్కన వేస్తారు.

పిల్లను తీసుకెళ్లేవాళ్ల పేర్లు ముందే రాసివ్వాలి. ఇండియా నుంచి వచ్చిన తాతయ్య వెళ్లినా జాబితాలో పేరుండాలి, చేతిలో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి.

టీచరుకూ ప్రోగ్రాంకూ మధ్య మీరే వంతెన

బడికి, బయటి సంస్థ నడిపే ప్రోగ్రాంకు మధ్య మాటలు వాటంతట అవి సాగవు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం పిల్లల మార్కులు, రికార్డులు బయటివాళ్లకు చెప్పాలంటే సాధారణంగా తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలి. చేర్చేటప్పుడే ఆ కాగితం అడిగి సంతకం చేస్తే, ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవచ్చు.

టీచరుకు చిన్న మెయిల్ పెట్టండి: "మా బాబు రోజూ ఆరింటి దాకా ఆఫ్టర్ స్కూల్‌లో ఉంటాడు. హోంవర్కు అక్కడే చేస్తాడు. ఏ రోజు ఏం ఇస్తారో వాళ్లకు తెలిసేలా ఎక్కడ చూడమంటారు?" జవాబులో గూగుల్ క్లాస్‌రూమ్ పేరో, సీసా యాప్ పేరో, శుక్రవారం పంపే ఫోల్డర్ సంగతో వస్తుంది. దాన్ని ప్రోగ్రాం వాళ్లకు చూపించండి. ఇలా అడగడం టీచరును ఇబ్బంది పెట్టడమేమో అని మొహమాటపడక్కర్లేదు. అడగకపోతేనే ఇంట్లో అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుంటారు.

లెక్కల దగ్గర జాగ్రత్త

మన పిల్లలకు ఎక్కాలు బాగా వస్తాయి. అయినా హోంవర్కులో మార్కులు పోతుంటాయి. రెండో గ్రేడు పిల్లాడికి రెండంకెల కూడిక ఇచ్చి బొమ్మ గీయమంటారు, సంఖ్యలను పదులు, ఒకట్లుగా విడగొట్టమంటారు, ఎలా ఆలోచించావో రాయమంటారు. ఒకదాని కింద ఒకటి వేసి, చేతిలో ఉంచుకుని కూడే మన పద్ధతి కామన్ కోర్ ప్రమాణాలు పాటించే రాష్ట్రాల్లోనూ, సొంత ప్రమాణాలున్న టెక్సస్‌లోనూ నాలుగో గ్రేడు దాకా తప్పనిసరి కాదు. అప్పటిదాకా స్థానవిలువ మీద పట్టు రావాలన్నది వాళ్ల లెక్క. ఇంట్లో మీరు, ప్రోగ్రాంలో వాళ్లు, క్లాసులో టీచరు మూడు దారులు చెబితే పిల్ల తికమకపడుతుంది. ముందు "మీ టీచర్ ఎలా చేసి చూపించారు?" అని అడగండి. మన పద్ధతి జవాబు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

ఇంకో చిక్కు కామాలది. మనం 1,00,000 అని రాస్తాం, ఇక్కడ 100,000 అనాలి. లక్ష అన్న మాట ఇక్కడి లెక్కల్లో లేదు. నికెల్, డైమ్, క్వార్టర్ నాణేలు, అంగుళాలు, కప్పులు, ఫారన్‌హీట్, నెల ముందు రాసే తేదీ మన దగ్గర నుంచి వచ్చిన పిల్లలకు కొత్త. వీటికి ప్రోగ్రాం మీద ఆధారపడకండి. కిరాణా కొట్లో, వంటింట్లో మీరే చూపించండి, పది రోజుల్లో అలవాటవుతుంది.

ఇంగ్లిషు, తెలుగు

బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడిగే ఫారం ఇస్తారు. తెలుగు అని నిజమే రాయండి. పిల్లకు ఇంగ్లిషు పరీక్ష పెడతారు, అవసరమైతే అదనపు సాయం ఇస్తారు. వద్దనుకుంటే వద్దని చెప్పే హక్కు మీకుంది. ఆ సాయం అందుతుంటే ప్రోగ్రాం వాళ్లకూ చెప్పండి, హోంవర్కులో ప్రశ్న చదివి వినిపిస్తారు. తల్లికో తండ్రికో ఇంగ్లిషు రాకపోతే టీచరుతో మాట్లాడేటప్పుడు దుబాసీని అడగవచ్చు. ఆ ఖర్చు బడిదే.

చిన్న గ్రేడ్లలో రోజూ 20 నిమిషాలు చదివి, చీటీ మీద పెద్దవాళ్ల సంతకం తెమ్మనడం తరచూ ఉంటుంది. గోలగా ఉండే గదిలో ఆ పని కుదరదు, ఇంటికే ఉంచుకోండి. తెలుగు కథ చదివి వినిపించినా లెక్కలోకి వస్తుందా అని టీచరును అడగండి. ఒప్పుకునేవాళ్లు చాలామందే.

ఎంత చేయాలి, ఎక్కడ ఆపాలి

గ్రేడుకు పది నిమిషాలన్నది ఇక్కడ చాలా బడులు పాటించే కొలత: మూడో గ్రేడుకు 30 నిమిషాలు. అంతకు బాగా మించుతుంటే పిల్లను తిట్టకుండా, ఆపిన చోట పెన్సిల్‌తో గీత గీసి "ఇక్కడిదాకా అరగంట పట్టింది" అని టీచరుకు రాయండి. తప్పు జవాబులు చెరిపి దిద్దించి పంపితే టీచరుకు అంతా వచ్చినట్టే కనిపిస్తుంది, మళ్లీ చెప్పాల్సిన పాఠం చెప్పరు. ప్రోగ్రాం వాళ్లకూ ఇదే చెప్పండి. పెద్ద పిల్లలకు పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి. చాలా లైబ్రరీలు ట్యూటర్ డాట్ కామ్, బ్రెయిన్‌ఫ్యూజ్ లాంటి ఆన్‌లైన్ సాయాన్ని ఉచితంగా ఇస్తాయి.

డబ్బు

13 ఏళ్లలోపు పిల్లల ఆఫ్టర్ స్కూల్ ఫీజుకు కొంత పన్ను మినహాయింపు దొరుకుతుంది. కంపెనీలో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ ఉంటే పన్ను పడకముందే జీతంలోంచి పక్కన పెట్టవచ్చు. 2026 నుంచి దాని గరిష్ఠ పరిమితి ఏడాదికి 7,500 డాలర్లు. కానీ మామూలుగా భార్యాభర్తలిద్దరికీ సంపాదన ఉండాలి, లేదా ఒకరు ఫుల్‌టైమ్ చదువులో ఉండాలి. హెచ్-4 వీసా మీద ఉండి ఉద్యోగం చేయని తల్లి ఉన్న ఇంటికి ఇది సాధారణంగా వర్తించదు. విడిగా పెట్టించిన ట్యూషన్ ఫీజు కూడా ఇందులోకి రాదు.

మొదటి తల్లిదండ్రుల సమావేశం చాలా బడుల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో పడుతుంది. ఆఫ్టర్ స్కూల్‌లో చేసిన నాలుగైదు హోంవర్కు కాగితాలు దాచి ఉంచి, ఆ రోజు టీచరు ముందు పెట్టండి. హోంవర్కులో అన్నీ ఒప్పులుండి క్లాసు పరీక్షలో తప్పులుంటే, ప్రోగ్రాంలో ఎవరో జవాబులు చెబుతుండవచ్చు. రెండింటిలోనూ తప్పులుంటే పిల్లకు పాఠం మళ్లీ చెప్పించాలి. ప్రోగ్రాం మార్చాలా, ట్యూషన్ పెట్టించాలా అన్నది ఆ కాగితాలు చూశాకే తేల్చుకోండి.