దూరమైన తోబుట్టువుతో మళ్ళీ మాట కలపండి

బధిరుల పాఠశాల హాస్టల్‌లో చేరిన పిల్లవాడు సెలవులకే ఇంటికి వస్తాడు. తరువాత ఉద్యోగం, వేరే ఊరు. ఇరవై ఏళ్ళకు అన్నాచెల్లెళ్ళు ఒకచోట కూర్చుంటే ప్రేమ ఉంటుంది, మాట మాత్రం ఉండదు. ఎందుకిలా?

దూరం ఎక్కడ మొదలవుతుంది?

వినికిడి లేని పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. ఇంట్లోని మాట వారికి అందదు. భోజనాల దగ్గర అందరూ నవ్వితే "ఏమిటి?" అని అడుగుతారు. "తరువాత చెబుతాం" అంటాము. ఆ తరువాత ఎప్పుడూ రాదు. పొలం అమ్మకమైనా, అమ్మ జబ్బయినా వారికి చివరనే తెలుస్తుంది. మనసు అక్కడ విరుగుతుంది.

సైగలే వారి భాష

హాస్టల్‌లో తోటి పిల్లల వద్ద సంజ్ఞా భాష నేర్చుకుంటారు. దానికి సొంత వ్యాకరణం ఉంది. "నాలో లోపం ఉంది" అనుకున్న బిడ్డ "నాకూ ఒక భాష ఉంది, నావాళ్ళు ఉన్నారు" అనుకుంటాడు. ఆ స్నేహితులను ఇంటికి పోటీగా చూడకండి.

గీత సంగతి చూడండి. చిన్నతనంలో పాకిస్తాన్ చేరి, ఈధి ఫౌండేషన్ ఆశ్రయంలో పెరిగిన ఈ బధిర యువతి 2015 అక్టోబరు 26న స్వదేశానికి వచ్చింది. సైగలతో ఆమె చెప్పిన రైల్వేస్టేషన్, నది, గుడి గుర్తులతో 2020లో బాసర వరకు వెదికారు. 2021లో మహారాష్ట్రలో తల్లి ఆచూకీ దొరికినట్టు వార్తలు వచ్చాయి. సైగలు తెలిసినవారు లేకుంటే ఆ జ్ఞాపకాలు ఎవరికీ అందేవి కావు.

మీరు చేయగలిగినవి

1. "మూగ", "చెవిటి" అని కాక పేరుతో పిలవండి.
2. వెలుతురులో, ఎదురుగా కూర్చోండి. ఒకరి తరువాత ఒకరు మాట్లాడండి.
3. బధిరులు ఒక్కొక్కరికి ఒక సైగ పేరు పెట్టుకుంటారు. మీకూ ఒకటి పెట్టమని అడగండి. వారి సైగలు వారి వద్దే నేర్చుకోండి. 2021లో విడుదలైన భారతీయ సంజ్ఞా భాష నిఘంటువులో 10,000 పదాలున్నాయి.
4. దూరాన ఉంటే వీడియో కాల్ చేయండి.
5. ఆస్తి, ఆపరేషన్ వంటి విషయాల్లో వారి తరపున మీరే నిర్ణయించకండి. సంజ్ఞా భాష దుబాసీని పిలిపించండి.
6. మేనరికాల్లో వంశపారంపర్య చెవుడు ఎక్కువ. కుటుంబంలో వినికిడి లోపం ఉంటే డాక్టరుకు చెప్పి, పుట్టిన బిడ్డకు నెలలోపే వినికిడి పరీక్ష చేయించండి.

ఇంట్లో చర్చించండి: మన ఇంటి విషయాల్లో వారికి ఇంకా చెప్పనిది ఏది? ఈ వారం ఎవరు చెబుతారు?